వలస వారసత్వం, తొలి సంపుటి: 'బల్దేర్ బండి' చదవడం గురించి

మన సాహిత్య విమర్శలో 'వలస' అనే మాట రెండు విరుద్ధమైన పనులు చేస్తున్నది. పొట్ట చేతపట్టుకుని బొంబాయి పోయిన పాలమూరు కూలీది వలస. దేశాన్ని దోచుకోవడానికి ఓడలెక్కి వచ్చిన ఇంగ్లీషువాడిదీ వలసపాలనే. బాధితుడికీ దోపిడీదారుకీ ఒకే మాట వాడే భాష మనది. అలాంటప్పుడు ఒక జనసమూహం గురించి "వీళ్లు వలస వచ్చినవాళ్లు" అని ఎవరైనా అంటే, ఆ మాట జాలితో వచ్చిందా, నేరారోపణగా వచ్చిందా అని ఒక్క క్షణం ఆగి చూడవలసి ఉంటుంది. లంబాడీల గురించి ఆ మాటను మనం ఆగకుండానే వాడుతూ వచ్చాం.

రమేశ్ కార్తీక్ నాయక్ తొలి కవితా సంపుటి 'బల్దేర్ బండి' 2018లో వెలువడింది. కవి నిజామాబాదు జిల్లా జక్రాన్‌పల్లి ప్రాంతపు తండా బిడ్డ. అప్పటికి ఇరవయ్యేళ్లవాడు. ఆ తర్వాత 'ఢావ్లో' కథల సంపుటికి 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం రావడంతో చాలామంది వెనక్కి తిరిగి ఈ తొలి పుస్తకాన్ని వెతుక్కున్నారు. తండా, తల్లులు, ఆకలి, అడవి, పశువులు ఈ సంపుటి లోకం. దీన్ని 'గిరిజన జీవిత చిత్రణ' అనే ఒక్క ముద్రతో అరలో పెట్టేయడం తేలిక. నేనిక్కడ కవితలను ఒక్కొక్కటిగా విప్పబోవడం లేదు. ఆ పని ఎవరికి వారు చేసుకోవలసిందే. ఈ పుస్తకం ముందు కూర్చునే విద్యార్థికి, ముఖ్యంగా తండా బయట పుట్టిన విద్యార్థికి, ఏ నేపథ్యం తెలిసి ఉండాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. జహీరాబాదు ప్రాంతంలో పంతులు ఉద్యోగం చేస్తున్నవాణ్ణి. బడిలో చేర్చుకునేటప్పుడు ప్రవేశ రిజిస్టరులో 'మాతృభాష' అని ఒక గడి ఉంటుంది. ఉర్దూ ఇంటి పిల్లవాడికి ఉర్దూ అనీ, కన్నడం ఇంటివాడికి కన్నడం అనీ, మరాఠీవాడికి మరాఠీ అనీ రాశాను. సరిహద్దు పట్నం కనుక ఇక్కడ ఆ గడికి రకరకాల జవాబులు వస్తాయి. తండా నుంచి వచ్చిన పిల్లల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏళ్ల తరబడి 'తెలుగు' అనే రాశాను. అడగలేదు. వాళ్ల నాయనలూ చెప్పలేదు. తెలుగు ఎం.ఏ. చదివి, భాషాశాస్త్రం పేపరు రాసి ప్యాసయినవాడి చేతిరాత అది. ఆ పిల్లవాడు మొదటి తరగతిలో రెండు నెలలు నోరు విప్పకపోతే 'మందమతి' అన్నవాళ్లం కూడా మేమే. లిపి లేని భాషకు గడి కూడా అక్కర్లేదని మనం ఎప్పుడు తీర్మానించుకున్నామో నాకు తెలియదు.

ఇక చరిత్ర. తండా అంటే మనకు ఊరి చివర ఉన్న ఇళ్ల గుంపు. కానీ ఆ మాటకు అసలు అర్థం ఇళ్లు కాదు, నడుస్తున్న బిడారు. ధాన్యం, ఉప్పు, పప్పులు ఎద్దుల వీపుల మీద మోసుకుపోయే వ్యాపార సమూహమే తండా. దాని నాయకుడే నాయక్. ఈ రవాణా వ్యాపారాన్ని వాళ్లు లదేణి అన్నారు. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు యాత్రికుడు 14,000 ఎద్దుల తండా ఒకటి తనకు ఎదురైందని రాసుకున్నాడు. అదే శతాబ్దంలో గోలకొండ దాకా వచ్చిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే పది పన్నెండు వేల ఎద్దులతో సాగే బిడారులను వర్ణించాడు. మొగలు సైన్యాలు దక్కనుకు దిగినప్పుడు వాటికి తిండిగింజలు మోసింది వీళ్లే. భంగీ, జంగీ అనే ఇద్దరు నాయకులకు అసఫ్ ఖాన్ ఇచ్చాడని చెప్పే రాగిశాసనం కథ లంబాడీలలో ఇప్పటికీ వినవస్తుంది. కడవలో నీళ్లు, కప్పు మీది గడ్డి ఎవరిదైనా తీసుకోవచ్చు, రోజుకు మూడు హత్యలు మాఫీ అని అందులో ఉన్నదట. హత్యల మాట అతిశయం కావచ్చు. సైన్యానికి గింజ అందించేవాడి బేరమాడే శక్తి ఎంతటిదో ఆ అతిశయంలో కనిపిస్తుంది.

ఆ శక్తి పోయిన తీరును చరిత్రకారుడు భంగ్యా భుక్యా నిజాము పాలనలోని లంబాడీలపై 2010లో ప్రచురించిన ఇంగ్లీషు గ్రంథంలో వివరంగా చర్చించాడు. విద్యార్థులు కవిత్వంతో పాటు ఆ పుస్తకాన్నీ పక్కన పెట్టుకోవాలి. ఉప్పు మీద కుంఫిణీ, ఆ తర్వాత ఇంగ్లీషు ప్రభుత్వం గుత్తాధికారం సాధించాయి. రోడ్లు పడ్డాయి. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. పదివేల ఎద్దులు నెలల తరబడి మోసేదాన్ని గూడ్సుబండి ఒకటి రెండు రోజుల్లో మోసింది. మేత దొరికే అడవులు రిజర్వు అడవులయ్యాయి. సరుకు పోయింది, మేత పోయింది, ఎద్దు మిగిలింది. ఆగిపోయిన బిడారు ఎక్కడ ఆగిందో అక్కడే తండా అయింది. నడిచేదాని పేరు నిలిచిపోయినదానికి మిగిలింది.

ఆగిపోయినవాడిని ప్రభుత్వం ఎలా చూసింది? 1871లో ఇంగ్లీషువాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. తిరిగే జాతులన్నీ పుట్టుకతోనే అనుమానితులయ్యాయి. నిజాము రాష్ట్రంలోనూ ఆ పద్ధతి చట్టాల కింద లంబాడీల మీద నిఘా సాగింది. దేశంలో ఆ చట్టం రద్దు కావడానికి 1952 దాకా పట్టింది. అటు దొరల గడీలలో వెట్టి, ఇటు పోలీసు నిఘా. తెలంగాణ సాయుధ పోరాటంలో విసునూరు దేశముఖును ఎదిరించిన ధర్మాపురం లంబాడీలూ, ప్రాణాలిచ్చిన జాటోతు ఠాణు నాయక్ కూడా ఈ చరిత్రలోనుంచే వచ్చారు. మన అభ్యుదయ సాహిత్యం ఆ పోరాటం మీద నవలలు రాసింది, పాటలు కట్టింది. ఠాణు ఇంట్లో మాట్లాడిన భాషలో ఒక్క ముక్క వాటిలోకి రాలేదు.

ఇప్పుడు పుస్తకం పేరు చూడండి. బల్దేర్ బండి అంటే ఎడ్లబండి. గోర్ బోలీలో చివర చేరే 'ఏర్' మన 'యొక్క' చేసే పని చేస్తుంది. జొన్నరొట్టెను జారేర్ బాటి అంటారు. ఇది రాజస్థానీ కుటుంబానికి దగ్గరి భాష. సొంత లిపి లేదు. తెలంగాణలో తెలుగు అక్షరాల్లో, కర్ణాటకలో కన్నడ అక్షరాల్లో, మహారాష్ట్రలో దేవనాగరిలో రాస్తున్నారు. పేరులోని మొదటి మాట ఉత్తరాది నుంచి నడిచివచ్చింది. రెండో మాట మన తెలుగు కన్నడాలది. ఉత్తరాదివాళ్లు గాడీ అంటారు. అంటే ఈ రెండు మాటల పేరులోనే ఒక ప్రయాణం ఉంది. ఎద్దు వెంట వచ్చింది, బండి ఇక్కడ దొరికింది.

ఇది కేవలం మాటల చమత్కారం కాదు. లదేణి కాలపు ఎద్దు ప్రధానంగా వీపు మీద గోనెలు మోసిన ఎద్దు. బిడారు ఆగి, సేద్యంలోకీ కూలిలోకీ దిగిన తర్వాతి తరాల జీవితంలోనే బండి కేంద్రమైంది. కనుక ఈ సంపుటి పేరులోని బండిని మొగలాయీ కాలపు వైభవానికి ప్రతీకగా తీసుకుంటే పొరపాటు పడతాం. అది తాత కాలపు బండి, నాయన కాలపు బండి. కుటుంబం జ్ఞాపకం చేరగలిగినంత దూరంలోనే ఉన్న వస్తువు. పురాతన వారసత్వాన్ని తవ్వితీసే కవి మ్యూజియంలోకి పోతాడు. ఈ కవి పశువుల కొట్టంలోకి పోయాడని పేరే చెబుతున్నది.

మా ప్రాంతంలో ఆ బండి జ్ఞాపకం కూడా కాదు. దసరా వెళ్లి చెరకు నరికే కాలం వచ్చేసరికి నారాయణఖేడ్ వైపు తండాల నుంచి బండ్లు కదులుతాయి. వంటపాత్రలు, గడ్డి, కట్టెలు, ముసలమ్మ, కుక్క, చంటిబిడ్డ అన్నీ బండి మీదే. కొందరు జహీరాబాదు చెరకు తోటలకు వస్తారు, కొందరు కర్ణాటక, మహారాష్ట్ర చక్కెర మిల్లుల వైపు పోతారు. అడ్వాన్సు వానకాలంలోనే తీసుకుని తిని ఉంటారు. మహారాష్ట్ర చెరకు కూలీలలో భార్యాభర్తల జంటను కలిపి ఒక కొయిత అని లెక్కిస్తారు. కొయిత అంటే కొడవలి. ఇద్దరు మనుషులు, ఒక కొడవలి, ఒక లెక్క. ఆ లెక్కలో పిల్లలు ఉండరు. మా హాజరు పట్టీలో మాత్రం ఉంటారు, ఎర్ర సిరాతో. కుటుంబం గురించి రాసిన కవిత్వం అనగానే మన మధ్యతరగతి విమర్శకుడికి అమ్మచేతి ముద్ద, పెరటి చెట్టు గుర్తుకొస్తాయి. కుటుంబమే కూలి యూనిటు అయినచోట అమ్మ గురించి రాసిన కవిత వ్యక్తిగత కవిత కాలేదు. అలాంటి చోట వస్తువు కుటుంబమా, వర్గమా అని విడదీసి అడగడంలో అర్థం లేదు.

ఇంతకూ వీళ్లు ఎక్కడివాళ్లు? మా పట్నం నుంచి చూస్తే ఈ ప్రశ్న ఎంత విచిత్రమైనదో తెలుస్తుంది. ఇక్కడి తండాలో ఉన్న అన్న షెడ్యూల్డు తెగ. బీదరు వైపు తండాలో ఉన్న తమ్ముడు షెడ్యూల్డు కులం. మహారాష్ట్రలో స్థిరపడిన మేనమామ విముక్త జాతి. ఒకే భాష, ఒకే గోత్రాలు, ఒకే సేవాలాల్ భక్తి. తెలంగాణ ప్రాంతంలో కూడా లంబాడీలను తెగల జాబితాలో చేర్చింది 1976 సవరణ చట్టమే, అది అమలులోకి వచ్చింది 1977లో. ఆంధ్ర ప్రాంతంలో వాళ్లు అంతకు ముందే జాబితాలో ఉన్నారు. ఒకే రాష్ట్రంలో ఇరవయ్యేళ్లపాటు కృష్ణకు అటు ఒక లెక్క, ఇటు ఒక లెక్క.

ఆ చేర్పు తర్వాత మహారాష్ట్ర నుంచి వచ్చి చేరినవాళ్లున్నారన్నది ఆదిలాబాదు ఆదివాసుల ఫిర్యాదు. 2017 చివరలో ఆ ఫిర్యాదు పెద్ద ఉద్యమమై లంబాడీలను జాబితా నుంచి తొలగించాలనే దాకా పోయింది. గోండు, కోలాం పల్లెల భూమి చేతులు మారిందన్న బాధ, చదువుల్లో ఉద్యోగాల్లో వెనకబడ్డామన్న బాధ నిజమైనవి. వాటిని కొట్టిపారేసే హక్కు ఎవరికీ లేదు. కానీ 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ రాష్ట్రంలో లంబాడీలు దాదాపు 20 లక్షల మంది. వాళ్లందరినీ 'వలసవాదులు' అనే ఒక్క మాటలో కట్టేయడం మొదలైనప్పుడు ఆ మాటకున్న రెండో అర్థం పని మొదలుపెట్టింది. పేదవాడి మీద పేదవాణ్ణి నిలబెట్టింది. 'బల్దేర్ బండి' వెలువడింది సరిగ్గా ఆ రోజుల్లోనే. వెయ్యికి పైగా తండాలు, గూడేలు గ్రామ పంచాయతీలైన ఏడాది కూడా 2018యే. ఒక చేత్తో ఊరు అనే గుర్తింపు వస్తున్నప్పుడు మరో వైపు 'మీ ఊరు ఇది కాదు' అనే మాట వినిపిస్తున్నది. ఈ సంపుటిలోని వారసత్వ స్పృహను ఆ కాలం నుంచి విడదీసి చదవడం కుదరదు.

వలస కవిత్వం అనగానే మన పాఠకుడికి ఒక నమూనా సిద్ధంగా ఉంది. అమెరికా వెళ్లిన తెలుగువాడు మంచు కురిసే రాత్రి కిటికీ దగ్గర కూర్చుని గోదావరిని తలచుకుంటాడు. ఆ కవిత్వాన్ని నేను తక్కువ చేయడం లేదు. అందులో మంచి కవితలు ఉన్నాయి. కానీ దాని నిర్మాణం వేరు. తిరిగి చూసుకోవడానికి అక్కడ ఒక ఊరు ఉంది, టికెట్టు కొనుక్కుంటే చేరగల ఊరు. తండా కవికి అలాంటి ఊరు లేదు. రాజస్థాన్ ఒక కథ. మార్వాడ్ నుంచి వచ్చామని అవ్వ చెబుతుంది, అవ్వకు వాళ్ల అవ్వ చెప్పింది. ఆ ఎడారిలో వీళ్ల కోసం ఏ తలుపూ తెరిచి లేదు. అంతెందుకు, సేవాలాల్ మహరాజ్ 1739లో గుత్తి దగ్గర పుట్టాడని సంప్రదాయం చెబుతున్నది. వాళ్ల గురువు జన్మస్థలమే రాయలసీమ అయినప్పుడు ఇంక స్వదేశమని దేన్ని అనాలి?

అందుకే ఈ కవిత్వంలో బెంగ దిక్కు మారుతుంది. వెనక్కి చూసే బెంగ కాదది, ఇంట్లోకి చూసే బెంగ. దేశం స్థానంలో కుటుంబం ఉంది. అమ్మ మాట, అవ్వ గాజులు, రొట్టె కాల్చే పొయ్యి ఇవే సరిహద్దులు. అవి పోతే పోయేది ఒక ఇల్లు కాదు, అంతకంటే పెద్దది. ఈ ఒక్క విషయం పట్టుకోకపోతే పాఠకుడు అద్దాల రవికెలను చూసి మురిసిపోయి పుస్తకం మూసేస్తాడు. సినిమాలు ఆ మురిపాన్ని మనకు బాగా నేర్పాయి.

పోలికకు మరో వలస చూద్దాం. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి దర్బను రేవు చేరింది. దక్షిణాఫ్రికా చెరకు తోటలకు ఒప్పంద కూలీల రాక దానితో మొదలైంది. తర్వాతి ఓడలలో తెలుగువాళ్లు అనేకులు వెళ్లారు. వాళ్ల భాషకు లిపి ఉంది, కావ్యాలు ఉన్నాయి, వెయ్యేళ్ల సాహిత్య చరిత్ర ఉంది. 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని పిల్లలకు అక్షరాలు నేర్పే ప్రయత్నం కూడా చేశారు. అయినా కొన్ని తరాలలో ఇంటి మాట ఇంగ్లీషైపోయింది. లిపి లేని, బడి లేని, రాజు లేని గోర్ బోలీ మాత్రం ఇన్ని శతాబ్దాలుగా దక్కనులో బతికే ఉంది. ఎలా? తండా ఊరికి దూరంగా ఉండటం ఒక కారణం. ఆ దూరం వెలివేత కూడా, రక్షణ కూడా. రెండో కారణం ఆడవాళ్లు. ఆ భాష బతికింది వాళ్ల పాటలలో. పెళ్లికూతురు పుట్టిల్లు విడిచేటప్పుడు ఎద్దు మీద నిలబడి తండ్రి ఇంటిని దీవిస్తూ హవేలీ పాడే ఆచారం ఉంది. తల్లినీ చెల్లెళ్లనూ పట్టుకుని ఏడ్చే పాట ఢావ్లో. తీజ్ పండుగలో పెళ్లికాని పిల్లలు తొమ్మిది రోజులు గోధుమ మొలకలకు నీళ్లు పోస్తూ పాడతారు. కవి తన రెండో పుస్తకానికి ఢావ్లో అని పేరు పెట్టుకోవడం యాదృచ్ఛికం కాదు. మగవాడు రాసిన పుస్తకాలే అయినా వాటి కింద ఉన్న గొంతు ఆడగొంతు. ఆ గొంతులు స్వయంగా పుస్తకాలు రాయవలసిన అవసరం ఇంకా అలాగే ఉంది. ఈ మాట కవి కూడా కాదనడనుకుంటాను.

మన ఉద్యమాల చరిత్రలో ఈ సంపుటి స్థానం గురించి రెండు మాటలు. స్త్రీవాద కవితా సంకలనం 'నీలి మేఘాలు' 1993లో, దళిత కవితా సంకలనం 'చిక్కనవుతున్న పాట' 1995లో, ముస్లిం కవితా సంకలనం 'జల్‌జలా' 1998లో వచ్చాయి. తండా కవిత్వం తెలుగు పాఠకుల దృష్టిలో నిలవడానికి మరో ఇరవయ్యేళ్లు పట్టింది. ప్రతిభ లేక కాదు. ఆ ఇరవయ్యేళ్లూ మొదటి తరం పిల్లలు ఇంట్లో లేని భాషలో అక్షరాలు దిద్దుకుంటున్నారు. మాతృభాష గడిలో నేను రాసిన 'తెలుగు'ను వాళ్లు కష్టపడి నిజం చేస్తున్నారు.

ఇలా తొలిసారి వచ్చే కవి మీద రెండు పనుల భారం పడుతుంది. కవిత రాయాలి, తన జనాన్ని పరిచయమూ చేయాలి. రెండో పని మొదటి పనిని తినేస్తుంటుంది. తండా కవిత్వమనే కాదు, ఏ అంచు నుంచి వచ్చిన తొలి సంపుటాలలోనైనా పండుగ పేర్లు, నగల పేర్లు వరసగా పేర్చిన కవితలు కొన్ని ఉంటాయి. అవి కవిత్వంగా బలహీనమైనవే. కానీ ఆ లోపానికి సగం బాధ్యత పాఠకుడిది. ఎదుటివాడికి ఏమీ తెలియదని తెలిసినప్పుడు ఎవరైనా వివరించడం మొదలుపెడతారు. విశ్వవిద్యాలయాలలో ఈ పుస్తకాల మీద పరిశోధన చేసే మిత్రులు కూడా సరిగ్గా ఆ బలహీనమైన కవితలనే ఎంచుకుని 'సంస్కృతి' అనే అధ్యాయం నింపుతున్నారు. నగల జాబితా థర్‌స్టన్ 1909లోనే రాసిపెట్టాడు. దానికి కవి అక్కర్లేదు. వెతకవలసింది మరొకటి: గోర్ బోలీలో ఆలోచించి తెలుగులో రాసేటప్పుడు తెలుగు వాక్యం ఎక్కడ వంగింది, ఎక్కడ కొత్త పోలిక పుట్టింది, ఎక్కడ కవి అనువాదం చేయడానికి నిరాకరించి మాటను అలాగే వదిలేశాడు. అలా వదిలిన మాట దగ్గర ఆగి పక్క తండాకు పోయి అడిగి వచ్చే విద్యార్థి కావాలి. పదకోశం వెనక పేజీలో ఉందా అని చూసేవాడు కాదు.

మన పాత అలవాటు ఒకటి కూడా వదులుకోవాలి. "వర్గ దృక్పథం ఎక్కడ?" అని మొదటి పేజీ మీదే అడగడం. చెరకు తోటలో కొయిత లెక్క తెలిసినవాడికి ఆ ప్రశ్నకు జవాబు ఎడ్లబండి అనే పేరులోనే వినిపిస్తుంది. తెలియనివాడికి కవి ఎన్ని నినాదాలు రాసినా వినిపించదు.

ఈ సంవత్సరం తొమ్మిదో తరగతిలో నల్లబల్ల మీద 'బల్దేర్ బండి' అని రాసి, పైకి చదివాను. వెనక వరుసలోంచి ఎవరో నవ్వారు. ఎందుకని అడిగితే, మొగుడంపల్లి వైపు తండా నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి నిలబడి, "అట్ల కాదు సార్" అన్నది. మొదటి మాటను తన నోటితో పలికి చూపించింది. నేను మళ్లీ అన్నాను. మళ్లీ తప్పే అన్నది. మూడోసారికి కొంచెం దగ్గరికి వచ్చానట. ఆ సాయంత్రం రిజిస్టరు తీసి ఆమె పేరు ఎదురుగా ఉన్న గడి చూశాను. చేతిరాత నాదే.